చిగురుపన్ను నుంచి వైన్స్ బోర్డు దాకా

తెలుగు నేల మీద ఏ పట్టణానికి వెళ్లినా "వైన్స్" అని ఒక బోర్డు కనిపిస్తుంది. నర్సీపట్నమూ అంతే. విచిత్రమేమిటంటే ఆ బోర్డు కింద వైన్ అడిగేవాడు అరుదు. అక్కడ అమ్ముడయ్యేది బ్రాందీ, విస్కీ, రమ్ము, ఎండాకాలమైతే బీరు. వెనకటి తరం ఆ కొట్టును బ్రాందీ షాపు అనేది. ఉన్నదున్నట్టు చెప్పిన పేరది. ఈమధ్య హైదరాబాదు, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలు మాత్రం నిజంగానే వైన్ గురించి ఆరా తీస్తున్నారు. నలుగురు స్నేహితులు సాయంత్రం పూట కూచుంటే ఏ సీసా తెస్తే బాగుంటుంది అని అడుగుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పే జవాబు ఎక్కడైనా ఒకటే. ఘాటు తక్కువగా ఉండాలి, తాజాగా ఉండాలి, తినే తిండితో కలవాలి, కొనేవాడికి భారం కాకూడదు, తాగినవాడు మాట తూలకుండా ఇంటికి చేరాలి. ఈ గుణాలన్నీ ఉన్న పానీయం ఒకటి నర్సీపట్నం దాటి ఘాటీ ఎక్కితే తరతరాలుగా ఉంది. దాని పేరు జీలుగు కల్లు. అది మన కూటముల్లోంచి ఎలా తప్పుకుంది, దాని చోట్లోకి ఆ బోర్డు ఎలా వచ్చి కూచుంది అన్నదే ఈ వ్యాసం విషయం.

ముందు మాటల తగువు తీర్చుకోవాలి. కల్లును వైన్‌తో పోల్చడమేమిటని ముఖం చిట్లించేవాళ్లు ఉంటారు. మత్తు పానీయాలు మౌలికంగా రెండు జాతులు. పులిసినవి ఒకటి, పులిసినదాన్ని కాచి, ఆవిరి పట్టి దించినవి రెండోది. ద్రాక్షరసం పులిస్తే వైన్, చెట్టు నీరు పులిస్తే కల్లు, గింజలు పులిస్తే బీరు. సారా, బ్రాందీ, విస్కీ రెండో జాతి. కల్లును ఇంగ్లీషువాళ్లు తాటి వైన్ అనే రాసుకున్నారు. పశ్చిమ ఆఫ్రికా వాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు. కాబట్టి పేరును పట్టి చూస్తే వైన్స్ బోర్డు ఉండాల్సింది కల్లుపాక మీద. బోర్డు చేతులు మారడం వెనక రుచుల మార్పు కంటే, నీతి కంటే, ఖజానా అవసరం పెద్దదని నా వాదన. నలుగురు కూడి తాగడానికి ఒక పానీయాన్ని అనువుగా చేసే గుణాలే దాన్ని పన్ను వేయడానికి పనికిరానిదిగా చేస్తాయి. నూటయాభై ఏళ్లుగా మన ప్రభుత్వాలు, దొరలవైనా మనవైనా, ఆ చిక్కును ఒకే వైపు నుంచి విప్పుతూ వచ్చాయి.

ఈ కథకు నర్సీపట్నం సరైన గుమ్మం. ఇంగ్లీషు పాలనలో అది విశాఖపట్నం జిల్లా గొలుగొండ తాలూకాకు కేంద్రం. ఊరికి ఒక పక్క చెరుకూ వరీ పండే మైదానం, ఇంకో పక్క లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కే ఘాటీ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కూడా సరిగ్గా ఈ అంచు మీదే గీత పడింది: నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో ఉండిపోయింది, చింతపల్లి, గూడెం, కొయ్యూరు కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. కింద తాటిచెట్టు, ఈతచెట్టు. గీసేవాళ్లు ఎక్కువగా యాతలు. పైన జీలుగు చెట్టు. అక్కడ వేరే గీత కులం అక్కర్లేదు, భగతలు, కొండదొరలు, కొండరెడ్లు, ఎవరి చెట్టును వాళ్లే గీసుకుంటారు. కింది కల్లు సంతకూ పాకకూ చేరేది. పై కల్లు ఇంటికీ బంధువులకూ. ఈ తేడా తర్వాత నెత్తురు పారించింది.

జీలుగు చెట్టును దగ్గరగా చూడాలి. ఆకు చివర చేపతోకలా చీలి ఉంటుంది కాబట్టి తాటికుటుంబంలో దాన్ని ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు. పుట్టిన పది పదిహేనేళ్లకు గానీ పూతకు రాదు. వచ్చాక పై నుంచి కిందికి, కణుపు తర్వాత కణుపుగా గెలలు వేస్తూ కొన్నేళ్లు బతికి, అడుగు గెల అయిపోగానే చచ్చిపోతుంది. గెల విచ్చుకోక ముందే కాడ కొసను పల్చటి కత్తితో పొద్దునా సాయంత్రమూ చెక్కుతారు. చెక్కిన చోట చుక్కచుక్కగా ఊరే నీరు కింద కట్టిన కుండలోకి దిగుతుంది. చెట్టు ఎక్కడానికి కాండానికి వెదురు బొంగు కట్టి, కణుపుల దగ్గర కాలు మోపుతూ వెళ్తారు. కుండ లోపల సున్నం పూస్తే నీరు పులియదు, తియ్యగానే ఉంటుంది, కాచితే బెల్లమవుతుంది. సున్నం లేకపోతే కుండ గోడలకు అంటుకున్న పాత పులుపే కొత్త నీటిని పట్టుకుని, దించే వేళకే నురగ తెప్పిస్తుంది. 1780లలో సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఈ చెట్టును పరిశీలించి, మంచి చెట్టయితే ఎండాకాలంలో ఒక్క రోజుకు నూరు పైంట్ల దాకా నీరిస్తుందని నమోదు చేశాడు. ఇప్పటి లెక్కలో అది సుమారు 50 లీటర్లు. కల్లు ఊరడం ఆగిపోయిన చెట్టును కూడా పారేయరు. కాండాన్ని చీల్చి లోపలి గుజ్జు నుంచి పిండి తీసి, తిండి కరువైన నెలల్లో జావ కాచుకుంటారు. కొండరెడ్ల మీద 1945లో పుస్తకం తెచ్చిన మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ కూడా ఈ చెట్టుకు వాళ్ల తిండిలో ఉన్న చోటును గుర్తించాడు. కొండవాళ్ల లెక్కలో జీలుగు కల్లు విలాసం కంటే ఆహారానికే దగ్గర.

ఇలాంటి పానీయం తాగే తీరును దాని స్వభావమే నిర్ణయిస్తుంది. పొద్దున దించినది సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి నోట పెట్టలేనంత పుల్లబడుతుంది. దాచుకోవడం కుదరదు కాబట్టి ఒక చెట్టు ఒక రోజు ఇచ్చిన యాభై లీటర్లను ఒక ఇల్లు తాగలేదు. పిలవాల్సిందే. రేపు ఆ వచ్చినవాడి చెట్టు ఊరుతుంది, అప్పుడు వాడు పిలుస్తాడు. పెళ్లి మాటలకు, ఓలి కుదరడానికి, తప్పు చేసినవాడి మీద కులపెద్దలు వేసిన దండుగ తీర్చడానికి, చైత్రంలో ఇటుకల పండుగకు కుండలు బయటికి రావడం ఈ తర్కంలోంచే వచ్చింది. ఆనపబుర్రతో ముంచి ఆకుదొప్పల్లో పోస్తారు. దొప్పను నేల మీద పెడితే ఒరుగుతుంది. చేత్తో పట్టుకునే తాగాలి, ఖాళీ అయితే మళ్లీ పోసేవాడి కోసం ఆగాలి. పోసేవాడు ఒకడు, బుర్ర ఒకటి, కుండ అందరి కళ్లముందు. ఎవడు ఎంత తాగాడో అందరికీ తెలుస్తుంది. ఫ్రాన్సులో బోజొలే ప్రాంతపు కొత్త వైన్‌ను ఏటా నవంబరు మూడో గురువారం విడుదల చేసి, దాచకుండా ఆ కొత్తదనంలోనే నలుగురూ కలిసి తాగేయడం పెద్ద వేడుక. ఏడాదికోసారి వాళ్లు చేసుకునే ఆ సంబరం, చెట్టు ఊరినన్నాళ్లూ మన కొండల్లో రోజూ జరిగేదే.

దీన్ని కాస్త అంకెల్లో చూస్తే సంగతి తేటపడుతుంది. కల్లులో మత్తు పదార్థం సుమారు 5 శాతం. సీసా వైన్‌లో 12, 13 శాతం. మన దుకాణాల్లో దొరికే బ్రాందీ, విస్కీలలో 42.8 శాతం. క్వార్టర్ అని పిలిచే 180 మిల్లీలీటర్ల సీసాలో 77 మిల్లీలీటర్ల మత్తు పదార్థం ఉంటుంది. అంతే మత్తు కల్లు రూపంలో పట్టాలంటే లీటరున్నర తాగాలి, వైన్ రూపంలో అయితే 600 మిల్లీలీటర్ల పైన, అంటే ముప్పాతిక సీసా దాటాలి. లీటరున్నర కల్లు తాగడానికి ఒక పూట పడుతుంది, కడుపు నిండుతుంది, మధ్యలో ఎన్నో కబుర్లు దొర్లుతాయి. క్వార్టర్‌కు నీళ్ల ప్యాకెట్టు, ప్లాస్టిక్ గ్లాసు, పావుగంట చాలు. పక్కన మనిషి ఉండక్కర్లేదు. స్నేహితుల కూటమికి తేలిక వైన్ ఎంచుకోమని చెప్పేవాళ్లు చెప్పేదీ ఇదే సూత్రం. గొంతు దిగే మత్తు కంటే మాట సాగే సమయం ఎక్కువ ఉండాలి.

ఇక ఖజానా వైపు నుంచి చూడండి. పన్ను వేసేవాడికి కావలసింది లెక్కకు దొరికే సరుకు. అది గిడ్డంగిలో నిలవ ఉండాలి, బండి మీద దూరం పోవాలి, సీలు వేయడానికి వీలుండాలి, తయారీ ఒకటి రెండు చోట్లే జరగాలి. కల్లుకు వీటిలో ఏదీ లేదు. అడవిలో వేల చెట్లు, ఇంటికొక కుండ, సాయంత్రానికి సాక్ష్యం మాయం. అందుకని సర్కారు చెట్టు మీదనో, గీసేవాడి మీదనో, పాట పాడుకున్న కంట్రాక్టరు మీదనో పన్ను వేయాల్సి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీకి భూమి శిస్తు తర్వాత చెప్పుకోదగ్గ రాబడి ఆబ్కారీదే. అంత రాబడిని చెట్టు చెట్టు తిరిగి ఏరుకోవడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే. ఆ కష్టం మొదట పేలింది నర్సీపట్నానికి పడమట ఉన్న రంప కొండల్లో.

1870లలో ఆబ్కారీ నిబంధనలు మారి, ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడాన్ని కూడా కట్టడి చేశాయి, కల్లు రాబడిని కౌలుకిచ్చాయి. కౌలుదారు మనుషులు కొండ ఊళ్ల మీద పడి చిగురుపన్ను అడిగారు. పేరులోనే ఉంది, చెట్టు చిగురు గీసినందుకు పన్ను. అది చాలదన్నట్టు ఆ కొండలకు జమీందారు లాంటి రంప మన్సబుదారు మొదలుపన్ను అని ఇంకోటి వేస్తానన్నాడు. పాత పన్నుకు సగమో అంతకు మించో అదనం. పైగా మైదానం వర్తకుల అప్పు పత్రాలు, కోర్టు జప్తులు, పోలీసుల లంచాలు. 1879 మార్చిలో రంపచోడవరం ప్రాంతంలో కొండవాళ్లు పోలీసుల మీద తిరగబడ్డారు. ఏప్రిల్‌లో మంట గొలుగొండ కొండలకు పాకింది, జులైలో రేకపల్లికి చేరింది. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య లాంటి నాయకులను పట్టడానికి మద్రాసు ప్రభుత్వం పటాలాలకు పటాలాలు దింపింది. 1880లో గానీ అణగలేదు. మన్సబుదారును తొలగించక తప్పలేదు. చరిత్ర పుస్తకాల్లో దీన్ని రంప పితూరీ అంటాం, అడవి హక్కుల గొడవగా చెప్పుకుంటాం. అది నిజమే. కానీ తక్షణం నిప్పు పెట్టింది బంధువుకు పోసే దొప్పెడు కల్లు మీద పన్ను. తాగుడు కోసం తిరగబడ్డారని దొరలు వెక్కిరించడం తేలిక. ఆహారం మీద, ఆతిథ్యం మీద, పెళ్లి మీద ఒకేసారి పన్ను పడితే ఏ సమాజమైనా అలాగే లేస్తుంది.

పితూరీ నుంచి మద్రాసు ప్రభుత్వం నేర్చుకున్న పాఠం వేరు. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. మైదానంలో చెట్టుపన్ను పద్ధతి వ్యాపించింది; గీతకు లైసెన్సు ఉన్న చెట్టు మీద నంబరు వేసేవాళ్లు. అంతవరకు ఫలానా వాడి తాత నాటిన చెట్టుగా, తీపి చెట్టుగా, పుల్ల చెట్టుగా ఉన్నది అప్పటి నుంచి దస్త్రంలో అంకె అయింది. అదే కాలంలో పల్లెల్లో ఎవరికి వాళ్లు కాచుకునే సారా బట్టీలను మూయించి, పెద్ద డిస్టిలరీల సరుకును కంట్రాక్టు మీద జిల్లాలకు పంపే ఏర్పాటు బలపడింది. రాక్స్‌బర్గ్ పనిచేసిన సామర్లకోటలోనే పంతొమ్మిదో శతాబ్దం ముగిసేలోగా డెక్కన్ షుగర్ అండ్ ఆబ్కారీ కంపెనీ వెలిసింది. పంచదారా సారా ఒకే కప్పు కింద. కంపెనీ పేరులోనే ఆబ్కారీ. ఒక ఊరికి ఎంత సరుకు వెళ్లిందో ఇప్పుడు పీపాల మీద లెక్క కట్టవచ్చు. కల్లును చట్టం నిషేధించలేదు, నిజమే. దాని పక్కన ఇంకో సరుకును నిలబెట్టి, దారి దానికి నున్నగా చేసింది.

ఇక్కడ అందరికంటే పెద్ద అభ్యంతరం అల్లూరి సీతారామరాజు పేరుతోనే వస్తుంది. 1917లో కృష్ణదేవిపేట చేరిన ఆయన కొండవాళ్లకు చెప్పిన మొదటి మాటల్లో తాగుడు మానండి, తగువులు కోర్టులకు పోకుండా పంచాయతీలో తీర్చుకోండి అన్నవి ఉన్నాయి. 1921 సహాయ నిరాకరణలో ఆంధ్ర జిల్లాల్లో కల్లు పాటలను, కల్లుపాకలను బహిష్కరించారు. మన్యం వీరుడే మానమన్న దాన్ని మనం నెత్తికెత్తుకోవడమేమిటి? ఈ ప్రశ్నను దాటేయకూడదు. అయితే ఆయన పక్కపక్కన పెట్టిన రెండు మాటలను చూడాలి. తాగుడూ కోర్టూ రెండూ కొండవాడి చేతి సొమ్మును మైదానానికి చేర్చే కాలువలు. గాంధీ అనుచరులు పాకల ముందు నిలబడడంలో సంస్కరణ ఎంత ఉందో సర్కారు రాబడికి గండి కొట్టే లెక్కా అంతే ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడిన దళాలు లేచింది ఎందుకు? నర్సీపట్నం నుంచి పైకి రోడ్డు వేయడానికి బాస్టియన్ అనే అధికారి కూలి ఎగ్గొట్టి చేయించిన వెట్టి, అడవి చట్టాలు, పోడు మీద ఆంక్షలు. నలభై ఏళ్ల కిందట చిగురుపన్ను చేసిన పనే అప్పుడు ఇవి చేశాయి. అల్లూరి మాటను కల్లుకు కితాబుగా మలచడం నా ఉద్దేశం కాదు. తాగకపోవడమే మేలని ఆయన నమ్మాడు. కానీ ఆయన ఎదిరించిన శత్రువు కుండలో లేడు, కుండ మీద లెక్క రాసేవాడిలో ఉన్నాడు.

స్వరాజ్య నాయకులు గద్దెనెక్కాక ఈ తేడా చెరిగిపోయింది. రాజాజీ 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా వ్యాపించింది. చట్టం దృష్టిలో కల్లూ సారా ఒకటే నేరం. దించిన కుండను పొలం గట్టున పట్టుకోవడం పోలీసుకు తేలిక, అడవిలో రాత్రిపూట కాచే సారాను పట్టుకోవడం కష్టం. బరువు తక్కువ, ధర ఎక్కువ, దాచడం సులువు కాబట్టి నిషేధం ఎక్కడున్నా దొంగచాటుగా బతికేది కాచిన సరుకే. ఇటు గీత కులాలు వీధిన పడ్డాయి. గౌతు లచ్చన్న వాళ్ల తరఫున ఉద్యమం నడిపారు. ప్రభుత్వం వేసిన రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తేయమంది. చివరికి 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఈ వివాదం మీదే, ఒక్క ఓటు తేడాతో కూలింది. ఆంధ్ర రాష్ట్రపు తొలి ప్రభుత్వాన్ని పడగొట్టింది మద్యనిషేధ వివాదమని ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. కానీ తాటిచెట్టు మీద బతికే లక్షల కుటుంబాలకు అది అన్నం సమస్య.

తర్వాత ప్రభుత్వాలు నిషేధం నుంచి రాబడి వైపు పూర్తిగా తిరిగాయి. 1980లలో సర్కారే వారుణి వాహిని పేరిట సారాను ప్యాకెట్లలో నింపి ఊరూరా చేర్చింది. నిలవ, రవాణా, సీలు, లెక్క, పన్ను వేసేవాడి కలలన్నీ ఆ చిన్న ప్యాకెట్టులో నిజమయ్యాయి. పొలం గట్టు మీద పళ్లతో చింపి, నిలబడి, ఒంటరిగా మింగే తాగుడు ఊళ్లోకి వచ్చింది. దాని ఫలం 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో పండింది. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మ ముందు నిలవగా, సారా కొట్టు మూయించారు. ఉద్యమం జిల్లాలు దాటి సారా వేలంపాటలనే ఆపేసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా రద్దయింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం తెచ్చారు, 1997లో అది సడలింది. సారా మళ్లీ రాలేదు. దాని జాగాలోకి వచ్చింది చీప్ లిక్కర్, 42.8 శాతంతో, రంగు కలుపుకుని, సీసాలో. ఆ ఆడవాళ్లు కల్లును సమర్థించారని అనడం అబద్ధం. కానీ వాళ్ల కోపం పుట్టింది కూడి తాగే మొగవాళ్ల మీద కాదు, పొద్దున్నే ఇంటి గుమ్మానికి వచ్చి రోజు కూలిని మింగేసే ప్యాకెట్టు మీద.

ఇంకో అభ్యంతరం ఉంది, ఇది బలమైనది. కల్లు కూడా మంచిది కాదు, తెలంగాణలో కల్తీ కల్లు తాగి మనుషులు పోతున్నారు, క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలుపుతున్నారు అంటారు. అది ముమ్మాటికీ నిజం. ఆ కల్తీ ఎక్కడ పుడుతుందో చూడండి. చెట్లు చాలని చోట, పట్నం డిపోలకు కంట్రాక్టరు సరఫరా చేసే చోట, తాగేవాడికి గీసినవాడి ముఖం తెలియని చోట. ఒక చెట్టు ఇవ్వగలిగినదానికి మించి గిరాకీ వస్తే నీళ్లు కలుస్తాయి. నీళ్లు కలిస్తే మత్తు తగ్గుతుంది. తగ్గిన మత్తును మందుబిళ్ల పూరిస్తుంది. అంటే కల్లును కూడా సీసా సరుకులా అమ్మబోయినప్పుడు జరిగే ప్రమాదమిది. కల్లుకు కాపలా పోలీసు కంటే దగ్గరితనమే. చెట్టు కనిపించేంత దూరంలో తాగితేనే అది కల్లు.

దీనికి ఎదురుగా దక్షిణాది రాష్ట్రాలు రెండు సాక్ష్యం చెబుతాయి. కేరళ 1996లో సారాను రద్దు చేసి కల్లుషాపును ఉంచింది. ఇప్పుడు అక్కడ కర్రపెండలం, చేపలకూర కోసం కుటుంబాలు కల్లుషాపుకు వెళ్తాయి. తమిళనాడు 1987 నుంచి కల్లును నిషేధించి, బ్రాందీ విస్కీలను 2003 నుంచి ప్రభుత్వ సంస్థ టాస్మాక్ చేతే అమ్మిస్తోంది. 5 శాతం పానీయం నేరం, 42.8 శాతం పానీయం ఖజానాకు ఊపిరి. ప్రజల ఆరోగ్యమే లక్ష్యమైతే ఈ వరస తలకిందులుగా ఉండాలి. శ్రీలంకలో ఇదే జీలుగు చెట్టును కితుల్ అంటారు. దాని తీపినీటితో కాచిన పానకం అక్కడ పెరుగులో వేసుకుని తినే గౌరవమైన తిండి. మన రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం కూడా జీలుగు మొక్కలు పెంచి పంచడం, నీరా, బెల్లం చేయడం మీద పనిచేసింది. చెట్టు తప్పు ఎక్కడా లేదు.

అయినా గీత వృత్తిని పూలదండ వేసి పొగడడం అన్యాయం. మైదానంలో తాటిచెట్టు ఎక్కేవాడు మోకు తెగితే ప్రాణం పోగొట్టుకుంటాడు, బతికితే నడుం పోగొట్టుకుంటాడు. కల్లును కోరినవాళ్లు గీసినవాణ్ని పంక్తిలో కూచోబెట్టలేదు. అతని కొడుకు చెట్టు ఎక్కనంటే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 మద్యం దుకాణాలు మళ్లీ ప్రైవేటు చేతికి వెళ్లినప్పుడు గీత కులాలకు పదో వంతు కేటాయించాలన్న నిర్ణయం ఈ రుణాన్ని గుర్తించిందనే అనుకోవాలి. కానీ అందులోని వ్యంగ్యం చూడక తప్పదు. చెట్టు పోగొట్టుకున్నవాడికి పరిహారంగా దొరికింది, చెట్టును పోగొట్టిన సరుకు అమ్ముకునే లైసెన్సు. ఆరోగ్యం సంగతి కూడా దాచకూడదు. మత్తు పానీయం ఏదైనా, ఎంత తక్కువైనా పూర్తి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. అది కల్లుకూ వర్తిస్తుంది, వైన్‌కూ వర్తిస్తుంది. తాగనివాడు తాగనవసరం లేదు. తాగే సమాజం ఏది ఎలా తాగాలో ఎవరు నిర్ణయించారన్నదే ఇక్కడ ప్రశ్న.

ఆ నిర్ణయాన్ని ఊరికి తిరిగి ఇవ్వడానికి చట్టంలో చోటు ఇప్పటికే ఉంది. 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలంది. నర్సీపట్నం పైనున్న కొండల్లో ఏ ఊరైనా సీసాను రానివ్వం, చెట్టును మాత్రం ఉంచుకుంటాం అని తీర్మానించుకోవచ్చు, రెండూ వద్దనుకోవచ్చు. 1879లో వాళ్ల తాతలు తుపాకులకు ఎదురెళ్లి అడిగింది అంతకంటే ఎక్కువేమీ కాదు. ఇక నగరంలో స్నేహితుల కోసం సీసా వెతికే కుర్రవాడికి ఈ చరిత్ర ఇచ్చే సలహా చిన్నది. పేరున్న లేబులు కంటే శాతం అంకె చూడు. ఒక్కడివే ఖాళీ చేయలేనిది, నలుగురు కూచుంటే తప్ప తెరవబుద్ధి కానిది తీసుకో. తిండి ముందు పెట్టు, పోసే పని ఒకరికే అప్పగించు. జీలుగు కుండ చుట్టూ కూచున్నవాళ్లకు ఈ నియమాలు ఎవరూ నేర్పలేదు. మర్నాటికి పుల్లబడే ఆ నీరే నేర్పింది.